రేకు రెక్కయైన తీరు

తెలుగున రేకు అను మాటకు అర్థములు పెక్కు. పూవునకు రేకులుండును. అన్నమాచార్యుల సంకీర్తనలు తిరుమలలో రాగిరేకులపై చెక్కబడి శతాబ్దములు భద్రముగా నుండుటచేతనే నేటివారికి దక్కినవి. ఇంటి కప్పునకు రేకులు వేయుదురు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వీధులలో సందుగలు, డబ్బాలు, వేసవి వచ్చెననగా కూలరు పెట్టెలు చేయువారి చేతిలోనిదియు రేకే. పలుచగా వెడల్పుగా నుండి, వంచిన వంగి, మడిచిన నిలుచునట్టి దానినెల్ల మన భాష ఒక్క మాటతో పిలిచినది. ఆ మాటకు ఇరువదవ శతాబ్ది మరియొక అర్థమును చేర్చినది. ఆకాశమున పోవు విమానపు రెక్కయు రేకే.

ఇది అతిశయోక్తి కాదు. ఒకరిద్దరు కూర్చొని పోదగిన చిన్న లోహవిమానముల రెక్కలకు కప్పు అల్యూమినియపు రేకు మందము తరచుగా అర మిల్లీమీటరు మొదలు ఒక మిల్లీమీటరు వరకు మాత్రమే యుండును. మన రూపాయి నాణెమంత మందమైనను దానికి లేదు. అంత పలుచని రేకు గాలిలో మనుష్యుల బరువును మోయుచున్నదన్న, ఆ బలము రేకులో ఎంత యున్నదో, దానిని సిద్ధపరచిన చేతిలోను అంతయే యున్నది.

పెద్ద కర్మాగారములలోనే కాక, ఇంటి కొట్టములలో సైతము విమానములు తయారగుచున్నవని వినిన పలువురు ఆశ్చర్యపడుదురు. అమెరికాలో 1953లో పాల్ పొబెరెజ్నీ అను ఆయన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ అను సంఘమును స్థాపించెను. స్వహస్తములతో విమానము నిర్మించుకొనువారికి అది కూడలియైనది. ఆ దేశపు నిబంధనల ప్రకారము అట్టి విమానపు పనిలో సగమునకు మించిన భాగమును, విద్యార్జనకో వినోదమునకో, నిర్మించుకొనువారే చేయవలెను. మన దేశమున ముంబయి వైమానికుడు అమోల్ యాదవ్ తన నివాసపు మేడపైనే ఆరుగురు కూర్చుండదగిన విమానమును నిర్మించి, 2016లో ఆ నగరమున జరిగిన ‘మేక్ ఇన్ ఇండియా’ ప్రదర్శనలో నిలిపెను.

జగిత్యాలలో గాని, కోరుట్లలో గాని, సిరిసిల్లలో గాని విమాన కర్మాగారము లేదు. కాని విమానపు రేకుపనికి కావలసిన మెలకువలలో ఈ ప్రాంతపు చేతులెరుగనిది కొంచెమే. ఆ పనిని మొదటినుండి తుదివరకు పరికించినచో ఈ సంగతి స్పష్టపడును.

బట్టనుండి లోహమునకు

1903 డిసెంబరు 17న రైట్ సోదరులు ఎగురవేసిన విమానమునకు ఎముకలు కర్ర, చర్మము నూలుబట్ట. సిరిసిల్ల నేతగాండ్రు సగర్వముగా చెప్పుకొనదగిన మాట యిది: యంత్రబలముతో ఎగిరిన మొదటి రెక్క మగ్గము మీదినుండి వచ్చినదే. అయితే బట్ట తడిసిన బరువెక్కును, ఎండకు చివుకును. కర్ర తేమకు ఉబ్బును. లోహమునకు మారవలెనన్న ఇనుము బరువు, అల్యూమినియము మెత్తన. మన వంటయిండ్లలోని సత్తుగిన్నె చేయిజారి పడినంతనే సొట్టపోవుట అందరెరిగినదే. తేలిక, గట్టితనము రెండును ఒక్కచోట దొరకుటయే సమస్య.

దీనిని విప్పినవాడు ఆల్ఫ్రెడ్ విల్మ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు. 1906లో ఆయన అల్యూమినియమున నూటికి నాలుగు పాళ్ల రాగిని, కొద్దిపాటి మెగ్నీషియమును కలిపి, సుమారు 500 డిగ్రీల వేడికి కాచి, చటుక్కున నీట చల్లార్చి పరీక్షించెను. అప్పుడు ఆశించినంత గట్టిదనము కనబడలేదు. కొన్నిదినములు గడచి మరల పరీక్షింపగా, ఎవరు తాకకుండగనే ఆ లోహము చాల గట్టిపడి యుండెను. లోపలి రాగి పరమాణువులు కాలక్రమమున చిన్నచిన్న గుంపులుగా చేరి లోహపు పొరలను జారనీయకుండ పట్టుకొనుటయే ఇందుకు కారణమని తరువాతివారు తెలిసికొనిరి. ఆ మిశ్రమమునకు డ్యూరాలుమిన్ అని పేరు వచ్చెను. 1919లో జర్మనీలో వెలువడిన యుంకర్స్ ఎఫ్-13 అను ప్రయాణికుల విమానము దానితోనే నిర్మింపబడెను. నేడు విమానపు రేకులకు విరివిగా వాడు 2024 అను సంఖ్యగల మిశ్రమము ఆ వంశమునకు చెందినదే. అందు నూటికి నాలుగున్నర పాళ్లకు దగ్గరగా రాగి, ఒకటిన్నర పాళ్లు మెగ్నీషియము, కొంచెము మాంగనీసు ఉండును.

వేడియు కాలమును లోహపు స్వభావమును మార్చునన్న సంగతి కోరుట్ల ప్రాంతమునకు క్రొత్తది కాదు. అక్కడికి పడమరగా, నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున ఒకప్పుడు మూసలలో ఉక్కును వండెడివారు. ఆ ఉక్కును కొనుటకు పారశీక వర్తకులు వచ్చెడివారు. ఆంగ్ల శాస్త్రజ్ఞుడు హెన్రీ వాయిసీ ఆ పనిని కన్నులార చూచి వ్రాసిన వృత్తాంతము 1832లో అచ్చయ్యెను. మూసను దీర్ఘకాలము కొలిమిలో నుంచుట, పిమ్మట ఉక్కు బిళ్లను మరల కాచి నెమ్మదిగా చల్లార్చి సుత్తిదెబ్బకు లొంగదీయుట ఆ పనివారికి వెన్నతో పెట్టిన విద్య. 2010లో ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయము, బెంగుళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ కలిసి ఉత్తర తెలంగాణమున పరిశోధన సాగించి, పల్లెపల్లెన మిగిలియున్న చిట్టెపు దిబ్బలను నమోదు చేసినవి. రసాయన సూత్రము తెలియకున్నను, లోహమునకు ఓపిక పట్టవలెనని వారెరుగుదురు. విల్మ్ కనుగొన్నదియు, ఒక విధమున, ఆ ఓపికనే.

కొలత, గీత, కోత

విమానపు రేకు చుట్టలుగానో పలకలుగానో వచ్చును. మొదటి నియమము, దానిని ఈడ్వరాదు. ఒక రేకుపై మరియొకటి జరిపినంతనే గీతలు పడును. ఆ గీతలు ఎందుకు ప్రమాదకరములో ముందు ముందు తేటపడును. అందుకే పైన పలుచని పొరను అంటించి పంపుదురు, పని ముగియువరకు దానిని వీలైనంత ఉంచుదురు.

రెండవది కొలత. ఒకే ఆకారపు ముక్కలు పది కావలసినప్పుడు పదిసార్లు కొలుచుట తెలివి కాదు. ముందొక మచ్చుముక్కను జాగ్రత్తగా చేసికొని, దాని అంచు వెంబడి గీయవలెను. ఈ సూత్రమును కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల యిండ్లలో బీడీలు చేయు స్త్రీలకు చెప్పబనిలేదు. చిన్న రేకుముక్కను తునికాకుపై ఉంచి, దాని చుట్టు కత్తెర నడిపి, అన్ని ఆకులను ఒకే కొలతకు తెచ్చుట వారి నిత్యకృత్యము. ఆకు ఈనె ఎటు పోవుచున్నదో చూచి రేకు నిలుపుట, వ్యర్థము తగ్గునట్లు ఒక కోత ప్రక్కనే మరియొక కోత అమర్చుట వారి వ్రేళ్లకే తెలియును. విమానపు రేకుపై మచ్చు నమర్చువాని ఆలోచనయు సరిగా అదే.

గీయుటకు సీసపు పెన్సిలు పనికిరాదు. పెన్సిలులోని గ్రాఫైటు అల్యూమినియమునకు గిట్టదు. తేమ తగిలినప్పుడు ఆ రెంటి నడుమ విద్యుత్తు పుట్టి, గీత పొడవున లోహము తినివేయబడును. విద్యుద్ఘటమును గూర్చి చదువుకొనిన విద్యార్థికి ఇది సులభముగా బోధపడును. ఇంకు కలముతో గీయుటయే మేలు. సూదిమొనతో గీయుట కోసివేయు గీత యొద్ద తప్ప మరెక్కడను కూడదు.

కత్తెరతో గీతపైననే కోయరాదు. గీతకు ఒక మిల్లీమీటరు వెలుపలగా కోసి, మిగిలినదానిని ఆకురాయితో గీతవరకు దింపవలెను. కత్తెర అంచున వంకరలను, కంటికి కనబడని గాట్లను విడుచును. ఆకురాయిని అంచునకు అడ్డముగా కాక అంచు పొడవున నడుపవలెను. తుదకు సన్నని ఎమరీ కాగితముతో, వ్రేలు రాచినను గుచ్చుకొననంత నునుపు చేయవలెను.

ఒక్క గాటునకు ఇంత భయమెందుకని అడుగవచ్చును. బట్టలకొట్టులో గజము గుడ్డ అడిగినచో వర్తకుడు ఏమి చేయునో తలచుకొనవలెను. అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి రెండు చేతుల లాగును. గుడ్డ తిన్నగా చిరుగును. గాటు లేని అంచును ఎంత లాగినను సులభముగా చిరుగదు. గాటు మొనయొద్ద లాగుడు బలమంతయు కూడి ఒక్క దారమును త్రెంచును, పిమ్మట ప్రక్క దారమును త్రెంచును. లోహమును అంతియే. రెక్క గాలిలో పైకిని క్రిందికిని లక్షలమారులు కదలును. ప్రతి కదలికకు గాటు మొన కొంచెము కొంచెము ముందునకు ప్రాకును. దీనినే లోహపు అలసట అందురు. నునుపైన అంచు అలంకారము కొరకు కాదు, ఆయువు కొరకు.

వంపులోని లెక్క

రేకును మర యంత్రములలో ఒత్తినప్పుడు దాని లోపలి కణములు ఒత్తిన దిక్కునకు సాగి యుండును. బట్టకు పడుగు పేకలున్నట్లు రేకునకును ఒక వాటము కలదు. ఆ వాటమునకు అడ్డముగా మడత గీత ఉండునట్లు వంచినచో రేకు లొంగును. వాటము వెంబడి మడిచినచో మడత మీద పగులు లేచుటకు అవకాశమెక్కువ.

సందుగ చేయువాడు ఇనుపరేకును సుత్తితో మొనదేరునట్లు మడుచును. గట్టిపడిన విమానపు రేకును అట్లు మడువరాదు. వంపునకు గుండ్రదనము కావలెను. 2024 రేకునకు వంపు లోపలి వ్యాసార్థము రేకు మందమునకు సుమారు మూడు నాలుగు రెట్లుండవలెను. అంతకన్న ఇరుకుగా వంచినచో పైపొర సాగలేక చిట్లును.

ఇచట గణితము ప్రవేశించును. వంపు వెలుపలి వైపు రేకు సాగును, లోపలి వైపు నలుగును. నడుమ ఒక పొర సాగక నలుగక యథాతథముగా నిలుచును. ఆ పొర పొడవే అసలు పొడవు. అది సరిగా నట్టనడుమ కాక, లోపలి ముఖమునుండి మందములో నూటికి సుమారు 45 పాళ్ల దూరమున ఉండును. ఒక మిల్లీమీటరు మందపు రేకును, 3 మిల్లీమీటర్ల లోపలి వ్యాసార్థముతో లంబకోణముగా వంచి, వెలుపలి కొలత ఇరువైపుల 20 మిల్లీమీటర్ల చొప్పున రావలెననుకొందము. తొందరపాటుగాడు 20, 20 కలిపి 40 మిల్లీమీటర్ల ముక్కను కోయును. లెక్క తెలిసినవాడు ఇట్లు చూచును: వంపునకు మందముతో సహ 4 మిల్లీమీటర్లు పోగా ప్రతి వైపు తిన్నని భాగము 16. వంపు పొడవు వృత్తములో నాలుగవ వంతు. వ్యాసార్థము 3.45 గనుక అది 5.42. మొత్తము 37.42 మిల్లీమీటర్లు. నలుబది అని కోసినవాని ముక్కలో రెండున్నర మిల్లీమీటర్లు అధికముగా నిలిచి, దానిపై వేయదలచిన బెజ్జము తనచోట పడదు.

రెక్క లోపలి పక్కటెముకలకు అంచులు వంపులు తిరిగి యుండును. వానిని చేయుటకు గట్టి కర్రతో అచ్చుదిమ్మెను చెక్కి, రేకును రెండు దిమ్మెల నడుమ బిగించి, వెలికి వచ్చిన అంచును కొయ్యసుత్తితో కొద్దికొద్దిగా వాల్తురు. ఒక్కచోటనే కొట్టరాదు. అంచు పొడవున పలుమారులు పోవుచు రావలెను. వదలినంతనే రేకు కొంచెము వెనుకకు పోవును గనుక, దిమ్మె అంచును లంబమునకు రెండుమూడు డిగ్రీలు లోపలికే చెక్కుదురు. వంపు తిరిగిన అంచున రేకు ఎక్కువై ముడుతలు పడినచో, లంగాకు కుచ్చిళ్లు పెట్టినట్లు, సమాన దూరములలో చిన్నచిన్న నొక్కులు పెట్టి ఆ ఎక్కువను ఒద్దికగా సర్దుదురు. రెండు మడతలు కలియు మూలయందు ముందే ఒక గుండ్రని బెజ్జము వేయుదురు. మూల మొనదేరినచో అచటనే పగులు పుట్టును.

బెజ్జమే ప్రాణము

చిన్న విమానమొకదానిలో రివెట్లు వేలకొలది యుండును. ప్రతి రివెట్టునకు కనీసము రెండు రేకులలో బెజ్జములు కావలెను. అవి నేతగాని పన్నెలోని పుల్లలవలె సమాన దూరముల నిలువవలెను. పన్నెలో ఒక్క సందు తప్పినచో బట్ట పొడవున చారయై కనబడునని సిరిసిల్లలో పిల్లవానికి సైతము తెలియును. రేకుపనిలో తప్పిన బెజ్జము చారగా కనబడదు, బలహీనతగా దాగి యుండును.

నియమములు సులభములే. రివెట్టు మధ్యబిందువు రేకు అంచునకు దాని వ్యాసమునకు రెండింతలకన్న దగ్గర కారాదు. ఒక రివెట్టునకు మరియొకదానికి నడుమ వ్యాసమునకు మూడింతలకన్న తక్కువ ఉండరాదు. 3.2 మిల్లీమీటర్ల రివెట్టునకు ఈ దూరములు వరుసగా 6.4, 9.6 మిల్లీమీటర్లగును. అంచునకు దగ్గరయైనచో రివెట్టు రేకును చీల్చుకొని వచ్చును. మరీ దగ్గరదగ్గరగా వేసినచో తపాలా బిళ్లల కాగితమువలె రేకు ఆ వరుసన విడివడును.

బరమాతో మొదట సన్నని బెజ్జము వేయుదురు. రెండు రేకులను జతచేసి, ఆ బెజ్జములలో స్ప్రింగు గల తాత్కాలికపు పట్టుమేకులు దిగవేసి, అంతయు కుదిరిన పిమ్మట అసలు కొలతకు బెజ్జమును పెంచుదురు. అప్పుడు పని ముగిసినదని సంతోషించువాడు క్రొత్తవాడు. పనితనమెరిగినవాడు పట్టుమేకులన్నిటిని మరల ఊడదీసి రేకులను విడదీయును. ఏలయన, బరమా దిగినప్పుడెల్ల బెజ్జపు అంచున సన్నని లోహపు ముళ్లు లేచును. అవి రెండు రేకుల నడుమ చిక్కుకొనినచో రేకులు అతుకవు, ముల్లు మొననుండి పగులు మొదలగును. పెద్ద బరమా మొనను చేతితో ఒకటి రెండు చుట్లు త్రిప్పి ఆ ముళ్లను తీసివేయుదురు. ఎక్కువ త్రిప్పినచో బెజ్జపు అంచు పలుచబడి కత్తివలెనగును, అదియు కీడే. మితమెరుగుటయే ఇచట విద్య. వేయి బెజ్జములున్నచో ఇరువైపుల కలిసి రెండువేల అంచులు. అందులో ప్రతిదియు వ్రేలికొసతో చూడవలసినదే.

రెక్కపై రివెట్టు తలలు గాలికి అడ్డురాకుండ రేకుతో సమముగా దిగవలెను. మందపు రేకైనచో బెజ్జమును గరాటువలె తొలుతురు. పలుచని రేకైనచో తొలువ వీలులేదు గనుక, అచ్చుల నడుమ నొక్కి బెజ్జము చుట్టు చిన్న గుంట చేయుదురు. ఆ నొక్కునకు బెజ్జపు అంచు సాగును. అంచున ఏ లోపమున్నను అప్పుడే పగులుగా బయటపడును. 2023లో అమెరికాలోని ఒక విడిభాగముల సంస్థ పంపిన రేకులలో లేజరుతో కోసిన బెజ్జములు ఇట్లు నొక్కినప్పుడు చిట్లుచున్నవని నిర్మాతలు కనుగొనిరి. ఎన్నో భాగములను మార్చవలసివచ్చినది. లేజరు మిగుల నవీనమైన సాధనము. అయినను బెజ్జపు అంచును తడిమి చూచు పాత అలవాటును అది తొలగింపజాలలేదు.

రివెట్టును దిగగొట్టుటకు తరచుగా ఇద్దరు కావలెను. ఒకరు తలవైపు సుత్తియంత్రము నడుపుదురు, మరియొకరు వెనుకవైపు నునుపైన ఇనుపదిమ్మెను ఆనించుదురు. 3.2 మిల్లీమీటర్ల రివెట్టుతో 0.8 మిల్లీమీటర్ల రేకులు రెండింటిని కలుపునప్పుడు, రేకుల మందము 1.6నకు వ్యాసమునకు ఒకటిన్నర రెట్లయిన 4.8 చేర్చి, 6.4 మిల్లీమీటర్ల పొడవుగల రివెట్టును ఎన్నుదురు. నలిగిన కొన 4.8 వెడల్పు, 1.6 ఎత్తు గల బిళ్లగా మారవలెను. కొన్ని గట్టి రివెట్లను కాచి చల్లార్చి, వాడువరకు మంచుపెట్టెలో దాచుట కలదు. విల్మ్ కనుగొన్నట్లు అవి మామూలు వేడిలో తమంతట తామే గట్టిపడును. చలిలో ఆ మార్పు నెమ్మదించును. కావున మెత్తగా నున్నప్పుడే దిగగొట్టి, రెక్కలో చేరిన పిమ్మట గట్టిపడనిత్తురు.

చిలుము, కళాయి

ఇత్తడి గిన్నెలో పులుసు కాచిన చిలుమెక్కును. అందుకే మన పెద్దలు ఏటేట కళాయి వేయించెడివారు. కళాయివాడు గిన్నెను కాచి, నవాసాగరము చల్లి, తగరమును పూసి దూదితో త్రిప్పెడివాడు. తెల్లని పొర లోని ఇత్తడిని కాపాడెడిది.

విమానపు రేకునకును కళాయి యున్నది. రాగి కలియుటచే బలము వచ్చినదే గాని, ఆ రాగివలననే తేమకు లోహము తినివేయబడుట హెచ్చినది. ఇందుకు విరుగుడుగా రేకునకు రెండువైపుల స్వచ్ఛమైన అల్యూమినియపు పొరను అతికించి ఒత్తుదురు. పలుచని రేకులలో ఒక్కొక్క పొర మొత్తము మందములో నూటికి అయిదు పాళ్లు. 0.8 మిల్లీమీటర్ల రేకులో అది 0.04 మిల్లీమీటరు మాత్రమే, తలవెండ్రుక మందము కూడ లేదు. ఈడ్చినప్పుడు పడిన గీత ఆ పొరను దాటి లోపలికి పోగలదు. మొదటనే రేకును ఈడ్వరాదనుటలోని అంతరార్థమిదే. కోసిన అంచుల యొద్ద ఆ పొర ఉండదు గనుక, అచటను, రేకులు అతుకు చోట్లను రివెట్లు వేయుటకు ముందే శుభ్రపరచి రక్షకపు పూత వేయుదురు. ఇందుకు చిరకాలము వాడిన జింకు క్రోమేటు విషపూరితమని తెలిసినందున, అది లేని పూతలు పలుచోట్ల వాడుకలోనికి వచ్చినవి.

కనబడని పని

ఇంతటి జాగ్రత్తకు మూల్యమేమో చరిత్ర చెప్పినది. బ్రిటనువారి కామెట్ అను జెట్ ప్రయాణికుల విమానము ప్రపంచమున ఆ తెగలో మొదటిది. 1954 జనవరి 10న ఒక కామెట్ ఇటలీ తీరమున ఎల్బా ద్వీపము యొద్ద గాలిలోనే విచ్ఛిన్నమై ముప్పదియైదుగురు మరణించిరి. ఏప్రిల్ 8న మరియొకటి నేపుల్సు సమీప సముద్రమున కూలి ఇరువదియొకరు అసువులు బాసిరి. శాస్త్రజ్ఞులు ఒక కామెట్ దేహమును పెద్ద నీటితొట్టిలో నుంచి, విమానము ఎగిరినప్పుడును దిగినప్పుడును కలుగు ఒత్తిడిని మరల మరల కల్పించి చూచిరి. అది అంతకుముందు చేసిన ప్రయాణములతో కలిపి మూడువేలకు పైబడిన ఒత్తిళ్ల పిమ్మట కిటికీ మూలనుండి చిరిగెను. కిటికీ మూలల యొద్ద, అచటి బెజ్జముల అంచున ఒత్తిడి కూడుటయే కారణమని తేలెను. అటు పిమ్మట విమానములకు కిటికీమూలలను గుండ్రముగా చేయుట శ్రద్ధతో పాటించిరి.

రెండవ ఉదాహరణము మరింత కఠినమైనది. 1978లో తోక నేలకు తగిలి దెబ్బతిన్న ఒక జపాను విమానమునకు వెనుకటి గోడను బాగుచేసిరి. రెండు వరుసల రివెట్లు బరువు మోయవలసినచోట, అతుకు రేకును రెండు ముక్కలుగా వేయుటచే ఒక్క వరుసయే మోయవలసివచ్చినది. పైకి చూచిన తేడా కనబడదు. ఏడేండ్లు విమానము ఎగిరెను. 1985 ఆగస్టు 12న ఆ గోడ పగిలి విమానము కొండలపై కూలెను. ఐదువందల ఇరువదిమంది మరణించిరి, నలుగురు మాత్రమే బ్రదికిరి.

బాగుచేసిన పని పైకి నిండుగానే యుండెను. లోపము రెండు రేకుల నడుమ, ఎవరికిని కానరాని తావున నిలిచెను. కావుననే రేకుపనిలో ప్రతి దశను పుస్తకమున వ్రాసియుంచుట, మూసివేయుటకు ముందు వేరొకరిచేత చూపించుట నియమమైనది. తన కన్నును తాను నమ్మకుండుట ఇచట వినయము మాత్రమే కాదు, వృత్తిధర్మము.

ఈ ఊళ్ల చేతులు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములనుండి వేలకొలది పురుషులు గల్ఫు దేశములకు పనికి పోవుట దశాబ్దములుగా సాగుచున్నది. అక్కడి పెద్ద భవనములలో చల్లనిగాలి పోవు రేకు గొట్టములను కోయుట, మడుచుట, బిగించుట అట్టి పనులలో ఒకటి. ఆ పని నేర్చినవారు కొలత, మడత, అతుకు ఎరుగుదురు. అయినను ఆ నేర్పునకు మన సమాజమున తగిన పేరు లేదు. చదువురానిచో చేతిపని అను భావము చదువుకొన్నవారిలో బలముగా నాటుకొని యున్నది.

ఈ రెంటిని కలుపు త్రోవలు లేకపోలేదు. పారిశ్రామిక శిక్షణ సంస్థల పాఠ్యక్రమములో రేకుపని ప్రత్యేక వృత్తిగా గుర్తింపబడినది. జగిత్యాల సమీపమున కొండగట్టు చెంత నాచుపల్లిలో 2007 నుండి జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాల నడచుచున్నది. హైదరాబాదు చెంత ఆదిభట్లలో టాటావారు విదేశ సంస్థలతో కలిసి విమానభాగములను తయారుచేయుచున్నారు. 2010లో సికోర్‌స్కీ ఎస్-92 హెలికాప్టరు గది అచటనుండి మొదటిసారి వెలువడెను. సి-130జె రవాణా విమానపు తోకభాగములు, 2018 నుండి అపాచీ హెలికాప్టరు దేహములు అచటనే రూపొందుచున్నవి. దుబాయిలో గొట్టమునకు రేకు మడుచు చేయికిని, ఆదిభట్లలో తోకకు రేకు మడుచు చేయికిని నడుమ నున్న దూరము పెద్దది కాదు. పటము చదువుట, లోహపు స్వభావమెరుగుట, చేసినదానిని వ్రాసి సంతకము పెట్టుట అను మూడు మెట్లు మాత్రమే. ఆ మూడును పాఠశాలలో మొదలు కాదగినవి.

పాత కాలపు కంచరి ఇంట పిల్లవాడు తండ్రి ప్రక్కన కూర్చుండి, దెబ్బ చప్పుడు వినియే రేకు ఎంత పలుచనైనదో చెప్పగలిగెడివాడు. ఆ విద్య పుస్తకమునకెక్కలేదు. పుస్తకములలోని విద్య అతని ఇంటికి పోలేదు. ఇప్పటి ఉపాధ్యాయులు తలచినచో ఈ ఎడబాటును ఒక తరగతి గదిలోనే తగ్గింపవచ్చును. ఇందుకు విమానము అక్కరలేదు. బజారులో దొరకు ఒక మిల్లీమీటరు మందపు మెత్తని అల్యూమినియపు పట్టీ, ఒక అంచును 3 మిల్లీమీటర్ల వ్యాసార్థమునకు గుండ్రము చేసిన కర్రదిమ్మె, ఒక కొయ్యసుత్తి, ఒక ఆకురాయి చాలును. సగము పిల్లలను 40 మిల్లీమీటర్ల ముక్క కోయుమని, సగము పిల్లలను 37.4 మిల్లీమీటర్ల ముక్క కోయుమని చెప్పి, అంచులు నునుపు చేయించి, లంబకోణముగా వంచి, రెండు వైపుల కొలువుమనవలెను. మిగిలిన రెండున్నర మిల్లీమీటర్లు ఎక్కడినుండి వచ్చినవో తన మాటలలో చెప్పగలిగిన పిల్లవాడు వృత్తపు లెక్కను, లోహపు నడవడిని ఒక్క గంటలో నేర్చినవాడగును. తప్పు కోసినవానికిని ఆ పాఠము తప్పక అందును.